గుండీ కత్తెర పట్టిన వారం

మా అన్నయ్యని మెడలో టేపు లేకుండా చూసినవాళ్ళు మా వీధిలో లేరు. భోజనానికి కూర్చున్నా అది మెడలోనే ఉంటుంది. పిల్లలు టేపు మాస్టర్ అంటారు. అన్నయ్య దానికి కోపం తెచ్చుకోడు, అసలు వినిపించుకోడు. మనిషి ఎదురైతే ముందు భుజాలు చూస్తాడు, ఆ తర్వాతే మొహం. "ఆయనకి కుడి భుజం కాస్త కిందికుంటుంది" అని చెప్పగలడు గాని, ఆయన పేరేమిటంటే నీళ్ళు నములుతాడు. ఆ షాపులోనే నేను కాజాలు కుడతాను, బొత్తాలు వేస్తాను, వచ్చినవాళ్ళతో దెబ్బలాడతాను. మూడో పని నాకెవరూ అప్పగించలేదు. రేపిస్తానని ఎల్లుండి ఇచ్చే దర్జీకి నోరున్న చెల్లెలు ఒకతి ఉండి తీరాలి.

షాపంటే పెద్దదేమీ కాదు, మా ఇంటి ముందు గదే. కటింగ్ బల్ల, రెండు మిషన్లు, ఇస్త్రీపెట్టె, గోడకో మేకు, ఆ మేకుకి పెద్ద కత్తెర. దాన్ని అన్నయ్య తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. నాకు దారాలు తెంపుకోడానికి వేరే చిన్న కత్తెర ఉంది. అన్నయ్య పని నేర్చుకున్నచోట పద్ధతి అలా ఉండేది. కొత్తగా చేరినవాడు ముందు షాపు ఊడవాలి, తర్వాత బొత్తాలు, ఆ తర్వాత అంచులు, ఆ తర్వాత మిషన్. కత్తెర అన్నిటికన్నా చివర. కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు, కోత తప్పితే గుడ్డ పోయినట్టే గదా.

అన్నయ్య చేతికి కత్తెర వచ్చేసరికి మీసాలు వచ్చేశాయి. కత్తెర వచ్చిన రోజే ఎవరిదో కోటు చెయ్యి పొట్టిగా కోసేశాడు. వాళ్ళ మాస్టర్ పల్లెత్తు మాట అనలేదట. కత్తెర తీసుకుని మేకుకి తగిలించి, చీపురు తెచ్చి చేతిలో పెట్టాడట. మళ్ళీ కత్తెర ఇవ్వడానికి ఎంత కాలం పట్టిందో అన్నయ్య ఎప్పుడూ చెప్పలేదు. ఆ చీపురు సంగతి వచ్చినప్పుడల్లా మాత్రం నేల వైపు చూస్తాడు.

ఇలాంటి మనిషికి, ఇక పిల్లల్లేరని అందరం అనుకుంటుండగా, కూతురు పుట్టింది. చిన్నగా, గుండ్రంగా ఉందని నేనే గుండీ అన్నాను. పెట్టిన పేరు పుస్తకాల్లో ఉండిపోయి గుండీయే నిలిచింది. వదిన బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుంది. పొద్దున పోతే సాయంత్రానికి వస్తుంది. కాబట్టి గుండీ పెరిగిందంతా మా మిషన్ల మధ్యే. సూదులు, కత్తెర్లు, ఇస్త్రీపెట్టె ఉన్న గదిలో పిల్ల తిరుగుతుంటే ఇంకేమంటాం, రోజంతా "ముట్టుకోకు" అనే అన్నాం. దానికి వచ్చిన మొదటి మాటల్లో అదొకటి. బొమ్మని ఒళ్ళో కూర్చోబెట్టుకుని దానితోనూ "ముట్టుకోకు" అనేది. మేం నవ్వుకునేవాళ్ళం.

తర్వాత కిండర్‌గార్టెన్‌లో వేశాం. ఆ బడి గేటు పక్కన ఒక నల్లబల్ల ఉంటుంది. ప్రతి సోమవారం టీచర్ దాని మీద ఆ వారం క్లాసులో ఏం నేర్పబోతోందో రాస్తుంది, దాని కింద ఇంట్లోవాళ్ళు ఏం చెయ్యొచ్చో రాస్తుంది. మిగతా తల్లిదండ్రులు ఫోనుతో ఫోటో తీసుకుని పోయేవాళ్ళు. మా అన్నయ్య నిలబడి, పెదవులు కదుపుతూ, కొలతలు అప్పజెప్పుకున్నట్టు అప్పజెప్పుకుని వచ్చేవాడు. ఆయన దృష్టిలో అది ఆర్డరు. శుక్రవారం డెలివరీ. షాపులో ఏ ఆర్డరూ చెప్పిన రోజుకి ఇవ్వని మనిషి ఆ ఒక్క ఆర్డరూ ఏనాడూ ఆలస్యం చెయ్యలేదు.

మొదటి వారం రంగులు. "ఇంట్లో ఉన్న వస్తువుల్ని రంగుల వారీగా వేరు చేయించండి" అని రాసింది టీచర్. అన్నయ్య బొత్తాల డబ్బా తెచ్చి బల్ల మీద గుమ్మరించాడు. గుండీ తండ్రి ఒళ్ళో కూర్చుని ఎర్రవి ఇటు, నల్లవి అటు అని వేలు చూపిస్తుంటే, ఈయన తీసి పెట్టాడు. ఇంకో వారం పెద్దా చిన్నా. తండ్రీ కూతుళ్ళు టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచారు. తలుపు, మంచం, పక్కింటి పిల్లి, ఆఖరికి నా ముక్కు. నా ముక్కు కొలత వదిన మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని నవ్వింది. ఇంకో వారం అక్షరాల శబ్దాలు. షాపుకి వచ్చిన ప్రతి మనిషినీ ఆపి "మీ పేరు ఏ శబ్దంతో మొదలవుతుంది" అని అడిగేది గుండీ. ఆ పుణ్యాన అన్నయ్యకి కూడా నలుగురి పేర్లు తెలిశాయి.

అంతా బాగానే ఉంది గాని, అన్నయ్యకో జబ్బుంది. సరుకు చేతికిచ్చేముందు సరిచెయ్యకుండా ఉండలేడు. రంగుల వారం గుండీ అట్ట మీద బొత్తాలు అంటించింది. వంకర టింకరగా ఉన్నాయి, దాని చెయ్యెంత, దాని వయసెంత. అన్నయ్య కాసేపు చూశాడు, ఇక పట్టలేక వాటన్నిటినీ ఊడదీసి, సుద్దతో గీత గీసి, వరస తప్పకుండా మళ్ళీ అంటించాడు. అట్ట ఎంత బాగా వచ్చిందంటే పెద్ద బట్టల షాపు అద్దాల్లో పెట్టొచ్చు. గుండీ పక్కనే నిలబడి చూసింది.

టర్ము సగంలో టీచర్ రమ్మని కబురు చేసింది. వదినకి సెలవు దొరక్క అన్నయ్యతో నేను వెళ్ళాను. మోకాళ్ళు గడ్డానికి తగిలే బుల్లి కుర్చీల్లో కూర్చున్నాం. "మాస్టర్ గారూ, పాప తెలివైంది" అని మొదలుపెట్టింది టీచర్. "ఏది అడిగినా నోటితో చెప్తుంది. చేత్తో మాత్రం ఏమీ చెయ్యదు. రంగు పెన్సిలిస్తే, ముందు మీరు వెయ్యండి టీచర్, నేనేస్తే పాడైపోతుంది అంటుంది. ఇంటికెళ్ళేటప్పుడు కోటు బొత్తాలు కూడా పెట్టుకోదు, నా ముందుకొచ్చి నిలబడుతుంది. పెద్ద క్లాసులో ముప్పై మంది ఉంటారు, అక్కడ ఎవరు పెడతారు చెప్పండి. టర్ము చివరికి కూడా ఇలాగే ఉంటే, ఇంకో ఏడాది ఇక్కడే ఉంచుదామా అని ఆలోచిస్తున్నా. శిక్షేం కాదండీ."

నేను ఒంటికాలి మీద లేచాను. "మా పిల్లకి ఏం తక్కువని" అన్నాను. టీచర్ నొచ్చుకోలేదు. "ఏమీ తక్కువ కాదండీ. ఇంట్లో పాప బొత్తాలు ఎవరు పెడతారు?" అంది. నేనే పెడతాను. రోజూ వందల బొత్తాలతో పనిచేసే చెయ్యి, చిటికెలో పెట్టేస్తాను. ఇక నోరు మూసుకుని కూర్చున్నాను.

దారి పొడుగునా అన్నయ్య టేపు కొస వేలికి చుడుతూ విప్పుతూ నడిచాడు. ఇంటి మెట్ల దగ్గర ఆగి, "దాని చేతిలో కూడా చీపురే పెట్టాను కదే" అన్నాడు. కూతురు ఒక ఏడాది వెనకబడుతుందని కాదు ఆయన బాధ. తాను అంత కాలం భయపడ్డ భయాన్ని అది ఇంత చిన్నప్పుడే నేర్చేసుకుందే అని.

ఆ సోమవారం నల్లబల్ల మీద ఇలా ఉంది: "ఈ వారం గీత మీద కత్తిరించడం. ఇంట్లో మొన లేని చిన్న కత్తెర, పాత కాగితాలు ఇవ్వండి. గీత దాటినా మీరు సరిచెయ్యకండి." ఆ చివరి వాక్యం మా ఇంటి కోసమే రాసిందని నా అనుమానం.

ఇన్ని కత్తెర్లున్న ఇంట్లో పిల్ల పట్టుకోదగ్గది ఒక్కటి లేదు. అన్నయ్య బజారుకెళ్ళి ఎర్ర పిడి ఉన్న బుల్లి కత్తెర కొనుక్కొచ్చి, కటింగ్ బల్ల మీద పెట్టాడు. గుండీ చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకుంది.

"తీసుకో. నీదే."

"వద్దు. పాడైపోతుంది."

"ఏం పాడైపోతుందమ్మా?"

"కాగితం."

అది పాత వార్తాపత్రిక. సరే, పాడైతే ఏమీ కాదని చూపిద్దామని అన్నయ్య తానే ఒక కాగితం తీసుకుని, కావాలని వంకరగా కోయబోయాడు. అయితే ఆ చేతికి వంకర రాదు. ఎటు తిప్పినా అందమైన వంపులు వచ్చాయి, చూస్తే కాలరు కోసినట్టుంది. "నువ్వు బాగానే కోశావుగా" అంది గుండీ, అనుమానంగా. వంకరగా కోయడం చేతకాక అవస్థపడ్డ దర్జీని ఆ రోజే చూశాను.

దారి చూపించింది వదిన. ఫ్యాక్టరీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ముగ్గురి మొహాలూ చూసి సంగతి అడిగింది. విని, లోపలికెళ్ళి ఖాళీ రేకుడబ్బా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. "గుండీ, అమ్మ పనిచేసేచోట బిస్కెట్లు విరుగుతాయి కదా, అప్పుడేం చేస్తాం?"

"విరిగినవాటి డబ్బాలో వేస్తారు."

"నన్నెవరైనా తిడతారా?"

"ఊహూ. ఇంకోటి తీసుకుంటావు."

"ఆఁ. ఇది నీ డబ్బా. పాడైన కాగితాలన్నీ ఇందులో వెయ్యాలి. శుక్రవారానికి నిండాలి మరి. చెడగొట్టకపోతే ఎలా నిండుతుంది?"

గుండీ డబ్బాలోకి తొంగి చూసింది. పని అర్థమైంది. బాగా చెయ్యడం దానికి భయం గాని, డబ్బా నింపడానికి భయమేముంది? నాలుక బయటపెట్టి, రెండు చేతులతో కత్తెర పట్టుకుని మొదటి కాగితాన్ని నమిలినట్టు కోసింది. డబ్బాలో వేసింది. ఇంకోటి తీసుకుంది.

ఆ వారమంతా మేం పడ్డ యాతన ఎవరికి చెప్పుకోను. గుండీ గీతకి జానెడు దూరంలో కోస్తుంటే అన్నయ్య చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. అప్పటికీ ఆగలేకపోతే బయటికెళ్ళి మెట్ల మీద నిలబడేవాడు. నా సంగతీ అంతే. పొద్దున గుండీ బొత్తాంతో కుస్తీ పడుతుంటే, బడి టైమైపోతుంటే, నా వేళ్ళు జివ్వుమనేవి. వదిన వెనకనుంచి "మరదలా" అనేది, అంతే, నేను వంటింట్లోకి పోయేదాన్ని. ఒక రోజు బడికి ఆలస్యమైంది కూడా. బుధవారానికల్లా డబ్బా నిండింది. గుండీ దాన్ని ఒంపేసి మళ్ళీ మొదలుపెట్టింది. శుక్రవారం పట్టుకెళ్ళిన కాగితం పులి నోట్లోంచి లాగినట్టుంది, కాని ఒకచోట, ఒక వేలెడు మేర, కోత గీత మీదే నడిచింది. అన్నయ్య ఆ వేలెడు మేరని వచ్చినవాళ్ళందరికీ చూపించాడు.

టర్ము చివర ఇంట్లోవాళ్ళని క్లాసుకి పిలిచారు. వదిన ఈసారి సెలవు సంపాదించింది. పిల్లలు పాటలు పాడారు, అంకెలు చెప్పారు. ఆ తర్వాత టీచర్ పెద్దవాళ్ళందరికీ తలా ఒక బుల్లి కత్తెర, వంకీల గీత గీసిన కాగితం ఇచ్చింది. "ఎడమ చేత్తో కోయండి. పిల్లలకి రోజూ ఎలా ఉంటుందో మీకూ తెలియాలి కదా" అంది. అందరూ నవ్వారు. టేపు మాస్టర్ ఉన్నాడని తెలిసినవాళ్ళు మెడలు సాచి చూశారు.

అన్నయ్య ఎడమ చేత్తో కత్తెర పట్టాడు. కుడి చేతి కోసం చేసిన కత్తెర, ఎడమ చేతిలో కోయదు, కాగితాన్ని మడతపెడుతుంది. రెండు బ్లేడ్ల మధ్య కాగితం ఇరుక్కుంది. లాగితే పర్రున చినిగింది. పక్కాయన సరదాకే నవ్వాడు గాని అన్నయ్య చెవుల దాకా ఎర్రబడ్డాడు. కత్తెర బల్ల మీద పెట్టేసి నేల వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు.

గుండీ తన కుర్చీలోంచి దిగి వచ్చింది. చినిగిన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "పాడైంది నాన్నా" అంది, మామూలుగా. ఆ ముక్కని తీసి తన జేబులో పెట్టుకుంది. "ఇది డబ్బాలోకి. నువ్వు ఇంకోటి తీసుకో."

అన్నయ్య ఇంకోటి తీసుకున్నాడు. కళ్ళు తుడుచుకోడానికి టేపు కొస వాడటం మా అన్నయ్యకే చెల్లు. ఆ రోజు, ఆ కోటు చెయ్యి పొట్టిగా కోసిన రోజు, వాళ్ళ మాస్టర్ ఈ ఒక్క మాట అనుంటే ఎంత బాగుండేదని నాకు దుఃఖం వచ్చింది. అనవలసినవాడు అనలేదు, ఇన్నేళ్ళకి ఈ వేలెడు పిల్ల అంది.

వెళ్ళేటప్పుడు టీచర్ గుమ్మం దగ్గర వదిన చెయ్యి పట్టుకుని, "సెలవుల తర్వాత పెద్ద క్లాసుకే పంపండి" అంది. వదిన ఆవిడకి దండం పెట్టబోతే వారించింది.

అప్పటికి గుండీ తన నీలం కోటు వేసుకుని ఒక్కో బొత్తామే పెట్టుకుంటోంది. ఆ కోటు అన్నయ్య స్వయంగా కోసి కుట్టింది, దానికి గీసిన సుద్ద గీతలెన్నో నాకు తెలుసు. అన్నీ పెట్టుకుని నిటారుగా నిలబడింది. పైన ఒక కాజా తప్పి మొదలుపెట్టింది కాబట్టి కోటంతా ఒక పక్కకి లేచి, కింద ఒక బొత్తాం ఖాళీగా వేలాడుతోంది. అన్నయ్య చెయ్యి ముందుకు వెళ్ళింది. నా చెయ్యీ వెళ్ళింది. వదిన ఏమీ అనకముందే అన్నయ్య తన చెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు.

"పెట్టుకున్నా" అంది గుండీ.

"పెట్టుకున్నావు" అన్నాడు అన్నయ్య.

ఇంటిదాకా అలాగే నడిచాం. బజారు మధ్యలోంచి, మా ఖాతాదార్లు కూర్చునే టీ దుకాణం ముందునుంచి, టేపు మాస్టర్ కూతురు వంకర కోటుతో అందరికన్నా ముందు నడిచింది. "ఏంటి మాస్టర్, ఆ కోటు మీరు కుట్టిందేనా?" అని అరిచాడు దుకాణం ముందు కూర్చున్నాయన.

"కుట్టింది నేనే" అన్నాడు అన్నయ్య, తలెత్తి. "బొత్తాలు మా అమ్మాయి పెట్టుకుంది."