నా గుంజీళ్లు, ఒక లాటిన్ మాట

నేను లా కాలేజీలో పాఠాలు చెబుతాను. చట్టాల్లో దొర్లే లాటిన్ మాటల పుట్టుక విప్పి చెప్పడం నా పని. నా క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది. ఆ నిశ్శబ్దమే నాకు దక్కిన గౌరవమని మీసం మెలేసేవాణ్ణి.

వినాయక చవితి పొద్దున, ముత్తియాల్‌పేటలో మా ఇంట్లో కూర్చుని మర్నాటి పాఠం చూసుకుంటున్నాను. 'సప్లికియుమ్' అనే మాట. లాటిన్‌లో శిక్ష అని అర్థం. పక్కనే పళ్ళెంలో వేడివేడి బెల్లం కుడుములు. చెయ్యి ఊరుకోలేదు. పూజ కాకముందే ఒకటి నోట్లో వేసుకున్నాను. అమ్మ లెక్కపెట్టి చేస్తుందన్న సంగతి గుర్తులేదు.

"ఏందిరా, ఇరవైయొకటి పెడితిని, ఇరవై ఉండాయి? సామికంటే ముందర నువ్వు మింగితివా?"

బుగ్గలో కుడుముంటే అబద్ధం పలకదు.

"పట్టుకో చెవులు. ఇరవైయొక్క తోప్పుకరణం వెయ్యి. నిలిపితే మళ్ళా మొదుట్నించి."

నాకు నలభై ఎనిమిదేళ్లు. అయినా వినాయకుడి ముందు చెవులు పట్టుకుని గుంజీళ్లు మొదలుపెట్టాను. తొమ్మిదోది తీసి లేస్తుంటే గుమ్మంలో నా విద్యార్థినులిద్దరు! క్లాసుకు ఆలస్యమైనందుకు క్షమాపణ లేఖలు రాసి, పండగైనా సరే ఇంటికి తెచ్చివ్వమని హుంకరించింది నేనే.

ఆపితే అమ్మ ఊరుకోదు, ఆపకపోతే పరువు దక్కదు.

"ప్రార్థన," అన్నాను రొప్పుతూ.

మా ఊళ్ళో వినాయకుడి గుళ్ళో గుంజీళ్లు మొక్కు, బళ్ళో శిక్ష. పాపం, ఆ పిల్లలు నమ్మేశారు. లేఖలు కింద పెట్టి, చెవులు పట్టుకుని నా పక్కన చేరారు. ముగ్గురం కలిసి నాలుగు తీశాం.

అమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. "మీరెందుకు పాపా? మీరుగూడా దొంగతనంగా తింటిరా?"

ఇద్దరూ నోటికి చున్నీలు అడ్డం పెట్టుకుని వీధిలోకి పరుగెత్తారు. మిగతావి నేనొక్కణ్ణే పూర్తి చేశాను.

మర్నాడు పిక్కలు పట్టేసి, కుంటుతూ క్లాసుకు వెళ్లాను. బోర్డు మీద 'సప్లికియుమ్' అని రాశాను. మోకాళ్లు మడిచి వంగడం నుంచి పుట్టిందని కొందరు పండితులు, దేవుణ్ణి శాంతపరచడం నుంచని మరికొందరు అంటారని చెప్పాను. ముందు ప్రార్థన, ఆపైన నైవేద్యం, చివరికి శిక్ష, అందులోనూ మరణశిక్ష అనే అర్థం వచ్చిందని వివరించాను.

నిన్న వచ్చిన వాళ్లలో ఒకమ్మాయి లేచింది. మా ఊళ్ళోనే కోసపాళయం పిల్ల, వాళ్లింట్లోనూ మా అమ్మ మాట్లాడే తెలుగే.

"సార్, నిన్న మీరు వేసింది ఏది సార్? ప్రార్థనా, శిక్షా?"

గద్దించబోయాను. పిక్క కలుక్కుమంది.

"శిక్షే. ప్రార్థన అని అబద్ధమాడాను. నైవేద్యం నేనే తిన్నాను."

క్లాసంతా గొల్లుమంది. సిగ్గుతో నేనూ నవ్వాను. నవ్వులు సద్దుమణిగినా ఆ అమ్మాయి కూర్చోలేదు.

"సార్, తిట్టనంటే ఒకటి చెప్తా. మీరు మొదటి దినం చెప్పిన మాట కాడ్నించి నాకేమీ అర్థం కాలే. వీళ్ళకీ కాలే. అడగాలంటే మీరంటే భయం సార్."

అవునన్నట్టు బెంచీల నిండా తలలూగాయి. పుస్తకం మొదటి పేజీకి తిప్పాను.