తంబాకు నీళ్ళు తాగిన ఈగలు

ఈగల ముచ్చట ఎవరు చదువుతారులే అని రాయకుండా ఊరుకుందామనుకున్నాను.

ఈ పొద్దున మా పక్కింటి రాజవ్వ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగల పీడ పోవాలని, మాగిన తొక్కల మీద తంబాకు నీళ్ళు చల్లి ఓ మూలన పెట్టింది. కాసేపటికి ఈగలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకోసాగాయి.

“ఏందన్నా, గీ ఈగలు కల్లు తాగినట్టు చేస్తున్నయి?” అని రాజవ్వ నన్ను అడిగింది.

నేను బడికి వెళ్ళింది ఏడో తరగతి దాకే. మిగతా చదువంతా పొట్లాలు కట్టిన కాగితాల మీదే. అయినా గొంతు సవరించుకున్నాను.

“నరాలకు తలుపులుంటయి రాజవ్వా. తంబాకుల ఉన్న నికోటిన్ దొంగ తాళంచెవి లెక్క వాటిని తెరుస్తది, జల్ది మూయనియ్యది. గందుకే గా వణుకుడు. మనకు గూడ గసొంటి తలుపులే ఉంటయి.”

రాజవ్వ తన అరచేతులు చూసుకుంది. “అంటే, చుట్టినప్పుడల్లా నాకు తల తిరిగేది ఎండకు గాదా?”

“ఏమో, దవాఖానల అడుగుదాం” అన్నాను, గొంతు తగ్గించి.

ఉపన్యాసాలిచ్చేవాడికి ఎదుటివాళ్ళు నిజంగా వినడమే పెద్ద చిక్కు. మీకూ ఎప్పుడైనా ఇలా అయ్యిందా?

ఎప్పుడూ చాట దించకుండానే పండు తినే రాజవ్వ, ఈ రోజు లేచి, సబ్బుతో చేతులు కడుక్కుని అరటిపండు వలిచింది.