నల్లతెర

అప్‌డేట్ చేసినప్పుడల్లా ఆ అనువాదకురాలి లైనక్స్ కంప్యూటర్ మొండికేస్తుంది. తెర నల్లబడి, మూలన చిన్న గీత ఒక్కటే మిణుకుమిణుకుమంటుంది. ఆమె కంగారుపడదు. కళ్లద్దాలు చున్నీ అంచుతో తుడుచుకుని, మళ్లీ స్విచ్ వేసి, మెనూలో కొత్త కెర్నల్‌ను, అంటే కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రామును, వదిలి పాతదాన్ని ఎంచుకుంటుంది. కంప్యూటర్ బుద్ధిగా లేస్తుంది. ఆ వైద్యం ఆమెకు ఎప్పుడో కొట్టిన పిండి. అయినా ఆ తర్వాతే జుట్టు సరిచేసుకుని, విడిపోయిన భర్తకు ఫోన్ చేస్తుంది. ఫోనులో జుట్టెవరికి కనిపిస్తుందని అడిగేవాళ్లు ఆ ఇంట్లో లేరు.

లైనక్స్ వేసిచ్చింది అతనే. “మళ్లీ లేవడం లేదు,” అంది మొన్న కూడా. “మెనూలో పాత కెర్నల్ ఉంటుంది, అది నొక్కు. వచ్చిందా?” అన్నాడు. “లేదు, నల్లగానే ఉంది,” అంది, వెలుగుతున్న తెరను చూస్తూ. “పోనీ, కొత్త కెర్నల్ రాకుండా ఆపేసే కమాండ్ పంపనా? ఇక నీకీ బాధ ఉండదు.” “వద్దులే. నాకేం బాధ లేదు.” అంతలో ఏదో మెయిల్ వచ్చి కంప్యూటర్ టింగుమంది. ఆమె గబుక్కున స్పీకరును అరచేత్తో మూసింది గానీ, చప్పుడు అవతలికి వినిపించనే వినిపించింది.

“సరే,” అన్నాడతను నెమ్మదిగా. “మళ్లీ మొదటి నుంచి చూద్దాం. నాకేం తొందర లేదు.”