విసిరేసిన బంతి

మా అమ్మాయికి ఎనిమిదో ఏట నుంచీ ఆ బేస్‌బాల్ ఆటగాడంటే ప్రాణం. అతను బ్యాట్ ఊపితే బంతి వెళ్లి జనంలో పడాల్సిందే. తన గది గోడ నిండా అతని ఫొటోలే. "క్రికెట్ ముందు ఇదీ ఒక ఆటేనా?" అని నేను వెక్కిరించేవాణ్ణి.

అతని ఆఖరి సీజన్‌లో, తను బతిమాలగా బతిమాలగా, మేముండే ఊరు ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి డ్రైవ్ చేసి స్టేడియంకి తీసుకెళ్లాను. అప్పటికే అతని మోకాళ్లు అరిగిపోయాయి. అయినా ఆ రోజు ఒక బంతిని లేపి కొట్టాడు. అది నేరుగా వచ్చి నా చేతుల్లో పడింది.

క్రికెట్‌లో సిక్సర్ బంతి జనంలో పడితే తిరిగి ఇచ్చేస్తాం. అదే అలవాటుగా గ్రౌండ్‌లోకి విసిరేసి, గొప్పగా అమ్మాయి వైపు తిరిగాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఇక్కడ పట్టినవాళ్లదే బంతి అని పక్కాయన చెప్పాడు.

ఆ సీజన్ అయ్యేదాకా అతను మళ్లీ అలా జనంలోకి హోమ్ రన్ కొట్టలేదు.

ఆ రోజు ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు, "చూడ్డానికి వెళ్తూ బంతి పట్టే గ్లోవ్ ఎందుకే?" అని విసుక్కున్నాను. ఆట మొదలైనప్పటి నుంచీ అది తన చేతికే ఉంది. నేను బంతి విసిరేశాక, తను ఆ గ్లోవ్ తీసి ఒళ్లో పెట్టుకుంది.