మా గది వడ్డన వారం

ఈ సాయంత్రం పాపను తీసుకురావడానికి బడికి వెళ్తే పంతులమ్మ నన్ను వరండాలో పక్కకు పిలిచి, వార్షికోత్సవం డాన్సులోంచి పాపను తప్పించామని చెప్పింది. మా పాపకు రెండేళ్లప్పుడు పోలియో వచ్చింది, ఎడమ కాలు కొంచెం ఈడ్చి నడుస్తుంది. "ఫికర్ చెయ్యకుండ్రి మేడం, అందరు చూస్తాంటే పిల్ల చిన్నబోతదని పూలపళ్లెం కాడ కూసోబెడ్తానం, ఆమె మంచికే," అంది. ఆమె మాటలో కపటం లేదు. నాకు కోపం రావాల్సింది, వచ్చింది కూడా, కానీ తలూపి పాప సంచి అందుకున్నాను, ఎందుకంటే దాదాపు అదే మాట, అంతే మెత్తని గొంతుతో, పదేళ్ల కింద నేను ఒకరితో అన్నాను. పాప నిద్రపోయింది. నాకు కూర్చున్నా కుదురు లేదు, పడుకున్నా కుదురు లేదు, అందుకే ఇది రాస్తున్నాను. ఆ రోజుల్లో ఆడపిల్లల హాస్టళ్లలో ఉండి చదువుకున్నవాళ్లకు ఇందులో కొత్తేమీ కనిపించకపోవచ్చు.

డెబ్బయ్యో దశకం చివర్లో పరకాల పక్కన మా ఊరి నుంచి ఎం.ఏ. చదవడానికి వరంగల్ వచ్చాను. ఊళ్లో మా వాడ తప్ప మరో వాడ సరిగా తెలియని నాకు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన అమ్మాయిలంతా ఒకే కుళాయి దగ్గర బకెట్లు పెట్టుకుని వరసలో నిలబడడం మొదట్లో పెద్ద వింత. వార్డెను జాబితా ప్రకారం గదులు ఇచ్చేది, ఎవరితో ఉండాలో మన చేతిలో ఉండేది కాదు. అలా నా గదిలోకి వచ్చింది నర్సంపేట అవతలి తండా అమ్మాయి. వాళ్ల తండాలో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్ల ఆమే. వాళ్ల అమ్మ అద్దాలు పెట్టి కుట్టిన దుప్పటి ఒకటి తెచ్చుకుంది గానీ, నెల రోజుల దాకా దాన్ని పెట్టె అడుగునే ఉంచి, ఆ తర్వాత ఒకనాడు ఏమనుకుందో మంచం మీద పరిచింది. ఒకరి నోట్సు ఒకరం రాసుకునేవాళ్లం, మా అమ్మ పంపిన సకినాలు ఒకే డబ్బాలోంచి తినేవాళ్లం, ఇరవై దాకా వాళ్ల భాషలో లెక్కపెట్టడం నేర్పితే నేను తప్పులు చదివి ఆమెను నవ్వించేదాన్ని.

మా మెస్సులో వండడానికి ఒక పెద్దమ్మ ఉండేది గానీ, వడ్డన మాదే. గది నంబర్ల వరసన వారానికో గది వాళ్లు వడ్డించాలి, ఒకరు అన్నం, ఒకరు పప్పూ కూరా. ఇది చాకిరీలా కనిపించినా, దాని కోసం అందరం ఎదురుచూసేవాళ్లం. ఆ వారం రోజులూ హాస్టలంతా మన పేరు పెట్టి పిలుస్తుంది, "అక్కా, జర ముక్కలున్న కాడ ముంచు" అని బతిమాలుతుంది, ఉప్పు ఎక్కువైతే తిడుతుంది. నాతో తప్ప ఎవరితోనూ కలవని మా గది అమ్మాయి, మన వారం రానీ, అందరికీ నా పేరు తెలుస్తుంది అనేది.

ఆ వారం వచ్చింది. మొదటి పూట ఆమె అన్నం బేసిను పట్టుకుంది, నేను పప్పు గిన్నెతో వెనక నడిచాను. మూడో వరసలో ఒక అమ్మాయి కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి చాలంది. ఆ కంచంలో మెతుకు లేదు. పక్కనున్న అమ్మాయి కూడా చెయ్యి పెట్టింది, అలా అయిదుగురు. నేను దగ్గరికి వెళ్లేసరికి, "అన్నం నువ్వు తెచ్చి పెట్టరాదక్కా," అని అడిగారు. గొడవ ఎందుకని, వంటింట్లోంచి వేరే గిన్నెలో తెచ్చి పెట్టాను. ఆమె వరస చివర నిలబడి చూస్తూనే ఉంది.

మర్నాటి నుంచి ఆమె అన్నం బేసిను పట్టుకోలేదు. మెస్సు సెక్రటరీగా ఉన్న సీనియరుతో మాట్లాడి, ఆమెను బియ్యం గదిలో కొలతల పనికి మార్పించి, పక్క గది అమ్మాయిని నాతో వడ్డనకు తీసుకున్నాను. లెక్క బాగా వచ్చినవాళ్లు కావాలన్నారని ఆమెకు చెప్పాను. నమ్మింది. మూడు రోజులు కొంగు దోపుకుని శేర్లతో బియ్యం కొలిచింది. నాలుగో నాడు వంట పెద్దమ్మ బియ్యం చెరుగుతూ, మెచ్చుకుంటున్నాననే అనుకుని, "నీ దోస్తు బంగారం బిడ్డా, ఎవ్వలు నిన్ను ఏమనకుంట లోపటికి జరిపింది," అనేసింది.

ఆమె చేతులకు బియ్యప్పిండి అలాగే ఉండగా గదికి వచ్చి, మంచం కింది నుంచి పెట్టె లాగింది. రెండింటికి నర్సంపేట బస్సుంది. నీ మంచికే చేశానే అన్నాను.

"వాళ్లు పల్లెం మీద చెయ్యే పెట్టిండ్రు. నువ్వు నన్నే తీసి లోపట పెట్టినవ్," అంది.

ఆమె చీరలు సర్దుతూ సర్దుతూ ఆగిపోయింది. "మా నాయిన ఎందుకొచ్చినవ్ బిడ్డా అంటే ఏం చెప్పాలె? అన్నం పెట్టనియ్యలేదని చెప్పాల్నా?" అని తనలో తనే అనుకున్నట్టు అని, పెట్టెను కాలితో లోపలికి నెట్టింది.

ఆ సాయంత్రం భోజనాలకు బేసిను ఆమే ఎత్తుకుంది. వెనక రావద్దని, పప్పు గిన్నె పక్క గది అమ్మాయికిచ్చి పోయి కూర్చోమని నాకు చెప్పింది. మొదటి వరసలో కూర్చున్నాను. మూడో వరసలో మళ్లీ అయిదు చేతులు. ఈసారి ఆమె ముందుకు కదల్లేదు, గరిటెతో అన్నం ఎత్తి పట్టుకుని ఒక్కొక్కరి ముందూ అలాగే నిలబడింది. నాకు లేచి వెళ్లి ఆ బేసిను అందుకోవాలనిపించింది, బలవంతంగా మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాను. చివరికి ఒక అమ్మాయి విసుగ్గా, "వెయ్యి మరి, పప్పు సల్లారుతాంది," అని చెయ్యి తీసింది. ఇంకో అమ్మాయి కూడా తీసింది. ముగ్గురు లేచి వెళ్లిపోయారు. వారం ముగిసేసరికి చెయ్యి అడ్డం పెట్టేవాళ్లు ఆ ముగ్గురిలో ఒకరే మిగిలారు.

దసరా సెలవులయ్యాక ఆమె వార్డెనుకు అర్జీ పెట్టుకుని మేడ మీద గదికి మారిపోయింది. సామాను మోయడానికి నేనూ సాయం పట్టాను. మెట్ల మీద, "కోపం లేదే. నీ పక్కన ఉంటె నాకు నేనే లోపటికి జరుగుతనేమోనని భయమైతాంది," అంది. చదువు పూర్తి చేసింది, మంచి మార్కులే వచ్చాయి. ఎదురుపడితే నవ్వేది, ఆగేది కాదు.

మా చిన్నాన్న కూతురు ఇప్పుడు అక్కడే చదువుతోంది. వడ్డన వారాలు ఎప్పుడో పోయాయట, ఎవరి కంచం వాళ్లు పట్టుకుని కిటికీ దగ్గర వరసలో నిలబడితే లోపలి నుంచి వంటవాళ్లు పెడతారట. మంచిదే, ఎవరూ ఎవరి ముందూ గరిటె పట్టుకుని నిలబడనక్కర్లేదు. అయినా ఆ చెయ్యి తీసిన అమ్మాయి విసుగు గొంతు గుర్తొస్తే, అలాంటి గొంతు ఇప్పుడు ఎక్కడ వినిపిస్తుందా అనిపిస్తుంది. నా దిగులు మాత్రం వేరే. ఆ మొదటి పూట వడ్డన అయ్యాక గదిలో మేమిద్దరమే ఉన్నాం. రేపు అన్నం ఎవరం పట్టుకుందామే అని అడగగలిగేదాన్ని. అడగలేదు. పొద్దున ఆమె బకెట్టు తీసుకుని స్నానానికి వెళ్లే దాకా కళ్లు మూసుకుని ఉండి, తలుపు మూసిన చప్పుడు విన్నాక లేచి, సెక్రటరీ గదికి వెళ్లాను.