తాండూరులో అన్నానికి వెల కట్టబోయి

వచ్చే నెలలో పోలండ్ నుంచి నలుగురు అమ్మాయిలు మా జిల్లాకు రావాలి. తాండూరులో నలుగురి ఇళ్లలో పన్నెండు రోజులు ఉంటారు. వేసవిలో ఆ ఇళ్ల అమ్మాయిలు పోలండ్ వెళ్లి, తమ ఇంట ఉన్న పిల్ల ఇంట్లోనే ఉండి వస్తారు. విమానం టిక్కెట్లకు డబ్బిచ్చేది అక్కడి యువజన నిధి. వికారాబాద్‌లో కాలేజీ పాఠాలు చెప్పుకునే నేను ఏడాదిపాటు దరఖాస్తులు తిరగరాసి దీన్ని ఇంతదాకా లాక్కొచ్చాను. తీరా ఇప్పుడు ఇళ్లు లేవు. నాలుగిళ్లలో మూడు వారం తిరక్కుండానే జారుకున్నాయి. ఒకరింట్లో సున్నాలట, ఒకరింటికి చుట్టాలట, మూడోవాళ్లు ఫోనే ఎత్తరు. సోమవారంలోగా ఇళ్ల పేర్లు పంపకపోతే నిధి సాయం రద్దవుతుంది. ఫోన్లో తేలే పని కాదని శనివారం పొద్దున్నే బయలుదేరాను.

ఎనిమిదింటి ప్యాసింజరు ఎనిమిదీ ఇరవైకి కదిలింది. టిక్కెట్టు ధర చాయ్ ధరకు కాస్త ఎక్కువ, అంతే. కిటికీ పక్కన చోటు దొరికింది. ధారూర్‌లో కందుల సంచితో ఒక పెద్దాయన ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు.

"యాడిదాంక బిడ్డా?" అని మొదలుపెట్టి, రుక్మాపూర్ వచ్చేసరికి నా గోడంతా వినేశాడు.

"ఇంటికి రోజుకిన్ని పైసలు గూడ ఇస్తమన్న తాతా. అయినా మూడిళ్లవాళ్లు వద్దంటున్నరు" అన్నాను.

"పైసలిస్తరా? అయితె మా ఇంట్ల పెట్టుండ్రి. జర బర్రె పక్కపొంటి పండాలె, గంతే."

పెట్టె అంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, పెళ్లివారు వాకిట్లోకి వచ్చాక పందిరి వెతుక్కునేదాని నవ్వు అది.

తొమ్మిది దాటాక తాండూరులో దిగాను. స్టేషన్ బయట హోటల్లో రెండు ఇడ్లీలు తిన్నాను. పక్క బల్ల దగ్గర ఇద్దరు లారీ డ్రైవర్లు బండల లోడు గురించి కన్నడంలో గట్టిగా వాదించుకుంటున్నారు. అక్కడి నుంచి ఆటో పట్టుకున్నాను. దారి పొడవునా పాలిష్ బండలు నిలబెట్టి ఉన్నాయి. మిషన్ల నీళ్లు పారి మోరీలు తెల్లబడ్డాయి.

మొదట సున్నాల ఇంటికి వెళ్లాను. అది రహమత్ బీ ఇల్లు. ఆమె కూతురు సమీనా డిగ్రీ రెండో సంవత్సరం. పాస్‌పోర్టు వచ్చిన రోజు నాకు మూడుసార్లు ఫోన్ చేసిన పిల్ల. తలుపు తీసింది గానీ పలకరింపుగా నవ్వలేదు. గోడల మీద సున్నం చుక్క లేదు. అడిగేలోపే రహమత్ బీ నా ముందు ఖిచిడీ పళ్లెం పెట్టింది.

"ఇప్పుడే ఇడ్లీ తిన్నానమ్మా" అన్నాను.

"ఇడ్లీ గూడ తిండేనా మేడం? తినుండ్రి."

సగం తిన్నానో లేదో పక్కింటి అనసూయమ్మ వచ్చింది. చుట్టాలొస్తున్నారన్నది ఈమే. ఇద్దరూ దొరికారు కదా అని, "నేనేం తప్పు చేసిన్నో చెప్పుండ్రి" అన్నాను.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అనసూయమ్మే నోరు విప్పింది. "ఫోన్ల మీరేమన్నరు? రోజుకిన్ని పైసలిస్తమన్నరు. మా ఆడబిడ్డ పక్కనే కూసుంది. ఏం వదినా, లాడ్జి తెరుస్తున్నవా అన్నది. నా మొకం యాడ పెట్టుకోవాలె?"

"మెహమాన్‌కు అన్నం పెట్టి పైసలు తీస్కుంటె, ఈ గల్లీల మల్ల ఎవలన్న మా ఇంట్ల చాయ్ తాగుతరా?" అంది రహమత్ బీ.

నాకు సిగ్గేసింది. ఆ డబ్బు కోసం నిధివాళ్లతో నెలరోజులు వాదించింది నేనే. శుభవార్త చెబుతున్నాననుకుని ఫోన్లో ఎంత మురిసిపోయానో!

"తప్పైంది. పైసల మాటే ఉండది" అన్నాను.

"గట్లయితె పంపుండ్రి" అంది అనసూయమ్మ. ఫోనెత్తని మూడో ఇంటికి తనే ఫోన్ చేసి, నిమిషంలో ఒప్పించింది. నేను ఊపిరి పీల్చుకుని పళ్లెం ఖాళీ చేశాను.

అప్పుడు రహమత్ బీ అడిగింది. "ఒక్క మాట మేడం. మా బిడ్డ గక్కడికి పోతె, ఆ ఇంటి అమ్మ పైసలు తీస్కుంటదా?"

వంటింటి గుమ్మంలో సమీనా నిలబడి నన్నే చూస్తోంది. లేదని ఒక్క మాట అంటే అయిపోయేది. అబద్ధానికి నోరు రాలేదు.

"తీసుకుంటదమ్మా, నిధివాళ్లే ఇస్తరు. అక్కడ అది తప్పు కాదు."

"అంటే నా బిడ్డ ఒకరింట్ల కిరాయికి తింటదన్నట్టు." ఖాళీ పళ్లెం తీసుకుని లేచింది. "వాళ్ల అబ్బానడిగి చెప్త."

నేను వచ్చేటప్పుడు సమీనా బయటకు రాలేదు. నిజం చెప్పినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. మిగతా ముగ్గురు వెళ్తారు, ఎక్కువ ఆశపడ్డ పిల్ల ఆగిపోతుంది.

మధ్యాహ్నం రైలు అరగంట ఆలస్యం. ఎక్కాక నిలబడే చోటే దొరికింది. తాండూరు దాటిన కాసేపటికి ఫోన్ మోగింది. రహమత్ బీ.

"రాసుకోండ్రి మేడం. సమీనా పోతది."

"మరి ఆ పైసల సంగతి?"

"ముందుగాల ఆమె బిడ్డ మా ఇంటికే వస్తది గద? పన్నెండు రోజులు నా చేతి అన్నం తిననీ. తిని పోయి వాళ్లమ్మకు చెప్పనీ. గప్పుడు నా బిడ్డ అన్నానికి ఆమె పైసలెట్ల తీస్కుంటదో నేను సూస్త!"

వెనకాల సమీనా నవ్వు వినిపించింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కనున్నవాళ్లు ఏమనుకున్నారో తెలియదు.

వికారాబాద్ చేరేలోపు, రైల్లో నిలబడే, ఫోన్లో నిధివాళ్లకు ఉత్తరం కొట్టాను. నాలుగిళ్ల పేర్లు రాసి, ఇళ్లకిచ్చే డబ్బు వద్దని, వీలైతే దాన్ని మా పిల్లల వీసా ఖర్చుకు మళ్లించమని అడిగాను. ఇలాంటి పనికి తాండూరు వెళ్లేవారికి నేను చెప్పేది ఒక్కటే. ప్యాసింజరు ఎక్కండి, ఖాళీ కడుపుతో వెళ్లండి, డబ్బు సంగతి ఎత్తకండి. ఇక పోలండ్‌లోని ఆ తల్లి. ఆమె పేరు కూడా నాకింకా తెలియదు. పాపం, తన మీదికి ఏం రాబోతోందో ఆమెకూ తెలియదు.