మన కరెంటు

తాడేపల్లిగూడెం అవతల కాలువ లాకుల పక్కన ఉన్న మినీ హైడల్‌లో, అంటే కాలువ నీళ్ళతో కరెంటు తీసే చిన్న కేంద్రంలో, నేను ఆపరేటరుని. ఉన్నవి రెండు చిన్న టర్బైన్లు. గ్రిడ్డుకి మేమిచ్చేది పెళ్ళిభోజనంలో అప్పడం ముక్కంత. అది వడ్డించలేదని ఎవరూ విస్తరి ముందు నుంచి లేచిపోరు. వేసవిలో కాలువ కట్టేస్తే ఆ ముక్కా ఉండదు.

అయినా మా ఇంజనీరుగారు వచ్చిన ప్రతివాళ్ళకీ "జిల్లాకి వెన్నెముకండీ ఇది" అని చెప్పేవారు. టర్బైన్లకి నీళ్ళొచ్చే దారిలోని జాలీకి గుర్రపుడెక్క అడ్డుపడితే ఏనాడూ చెప్పులు తడుపుకోని మనిషి ఆయన. చాటుగా నవ్వుకునేవాణ్ణి. నవ్వుకుంటూనే పెదపాడులో చెల్లెలింటికెళ్ళి అవే కోతలు కోశాను. బావగారు చేపల చెరువులో చేపలకి ఊపిరాడేలా నీళ్ళలోకి గాలి కొట్టే మిషన్లు పెట్టారు. కరెంటు పోతే అక్కరకొస్తుందని డీజిల్ జనరేటరు తెచ్చుకుంటానన్నారు.

"మీకెందుకండీ బావగారూ, లైను పోయినా మా టర్బైన్లు తిరుగుతాయి. మన కరెంటుంది కదా" అన్నాను. ఆయన మానుకున్నారు.

నిజానికి మా మిషన్లు గ్రిడ్డు నుంచి కరెంటు వస్తేనే కరెంటు పుట్టిస్తాయి. గ్రిడ్డు పోతే అవీ ఆగిపోతాయి. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే నాకా సంగతి చెప్పారు. తెలిసే కోశాను, సిగ్గులేని వెధవని.

పోయిన వానాకాలం, ముసురు పట్టిన ఒక ఉదయం గ్రిడ్డు పడిపోయి జిల్లా అంతా కరెంటు పోయింది. కాలువ నిండుగా పారుతోంది, టర్బైన్లు చప్పుడు లేకుండా ఉన్నాయి. బావగారు ఫోన్ చేశారు.

"చేపలు నోళ్ళు తెరుచుకుని పైకొచ్చేస్తున్నాయండీ. మన కరెంటు కాస్త ఇటు వదిలించండి."

ఇంజనీరుగారి వంక చూశాను. "పైనుంచి సప్లై రావాలి కదండీ, మనదేముంది" అని ఆయన చదువుతున్న పేపరులో పేజీ తిప్పారు. వెన్నెముకకి పేపరు చదవడం బాగా వచ్చు.

"ఎక్కడైనా జనరేటరు దొరుకుతుందేమో చూడండి" అని ఫోన్ పెట్టేశాను. ఆ ఉదయం చుట్టుపక్కల చెరువులవాళ్ళందరికీ జనరేటర్లు కావాలి. ఆయనకి ఎవరిస్తారు?

మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి చెరువంతా చచ్చిన చేపలతో తెల్లగా ఉంది. గట్టు మీద కూర్చున్న చెల్లెలు నన్ను చూసి మొహం అటు తిప్పుకుంది. బావగారు నాలుగు తిట్టినా బాగుండేది. ఆయన కుర్చీ వేయించి, మంచినీళ్ళు చేతికిచ్చారు.

"పొద్దున మీ మిషను పాడై ఉంటుంది లెండి. లేకపోతే మీరు వదలకుండా ఉంటారా?" అన్నారు.

"అవునండీ, పాడైంది" అన్నాను.